గరగరకు దండం

రెండు స్టేషన్ల మధ్య కాపురముండే గరగరా, ముందుగా నీకో దండం. నిన్నెవరూ పాట అనలేదు. మా ఇంట్లో వాళ్లు నిన్ను రేడియోకి పట్టిన జలుబు అనుకున్నారు. రేడియోలు బాగుచేసే ఆయన దుమ్మన్నాడు, బ్రష్షుతో దులిపాడు. నేను మాత్రం పదేళ్ల వయసులో, దుప్పటి ముసుగేసుకుని, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, నీ లోపల ఎవరో ఉన్నారని నమ్మాను. ఉన్నారు కూడా.

మా ఊరు కృష్ణదేవిపేట. పిలవడానికి కె.డి.పేట. నర్సీపట్నంలో బస్సెక్కి గొలుగొండ దాటాక కొండలు రోడ్డు మీదికి వంగి ఎవరొస్తున్నారో చూస్తాయి. మైదానం అక్కడితో సరి, ఇక మన్యం. లోకానికి మా ఊరు తెలిసింది ఒక సమాధి వల్ల. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మా ఊరు, 24న రాజవొమ్మంగి, ఇలా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజు, 1924 మే 7న తుపాకి గుండుకు ఒరిగాక, చివరికి మా ఊరి మట్టికే వచ్చాడు. దాడికి ముందు ఆయన మిరపకాయ టపా పంపేవాడని పెద్దలు చెప్పేవారు. అంచేత కొండ అవతల్నుంచి కబురు రావడం, అది కాస్త ఘాటుగా ఉండడం, మా ఊరి పిల్లలకి కొత్త కాదు.

నాకొచ్చిన టపా పాట.

1980ల నడుమ మా ఇంట్లో రేడియో అంటే మామ్మది. తోలు తొడుగు వేసుకున్న రెండు బ్యాండ్ల ఫిలిప్స్. పొద్దున విశాఖపట్నం కేంద్రం, తర్వాత సిలోను తెలుగు పాటలు. మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడితే చాలు, చింతపండులో పిక్కలు తీసే మామ్మ చెయ్యి ఆగిపోయేది. సెల్లులు నీరసిస్తే పెరట్లో వడియాల పక్కన ఎండేసేది. సాయంత్రానికి అవి మూడు పాటల ప్రాణం తెచ్చుకునేవి. ఆ మూడు పాటల ప్రాణాన్నీ నేను రాత్రి నీ మీద ఖర్చు పెట్టేవాణ్ణి.

"సెల్లు అరిగిపోతాది, ఆ గరగర ఒగ్గేసి స్టేషను ఎట్టరా."

"స్టేషనే మామ్మా. దూరం స్టేషను."

"ఎంత దూరమేటి?"

నాకు మాత్రం ఏం తెలుసు? కొండ అవతలన్నాను. మామ్మ లెక్కలో కొండ అవతలంటే చింతపల్లి.

"చింతపల్లోళ్లు అలాగ ఏడుస్తారేట్రా!" అంది.

ఎంత దూరమో తర్వాత చదువులో తెలిసింది. మీడియం వేవు నేల పట్టుకుని నడిచొస్తుంది, మా ఊరి ముందు కొండలకు కాలు తట్టుకుని నీరసపడుతుంది. షార్ట్ వేవు పైకెగురుతుంది. ఆకాశంలో ఓ పొరకు తగిలి, సముద్రాలు దాటి, మళ్లీ కిందికి వాలుతుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను రాల్చగా ఏర్పడే పొర అది, అయనోస్ఫియర్. పొద్దుగుంకాక అడుగు పొర మాసిపోతుంది, పైపొర మిగులుతుంది. అందుకే రాత్రిళ్లు దూరాలు దగ్గరవుతాయి. ఆ పొర నిజంగా ఉందని ఎడ్వర్డ్ ఆపిల్టన్ ఇంగ్లండులో తేల్చింది 1924 డిసెంబరులో, బోర్న్‌మత్ బిబిసి ట్రాన్స్‌మిటర్ సాయంతో. అదే ఏడాది మేలో మా ఊళ్లో చితి ఆరింది, డిసెంబరులో అక్కడెక్కడో ఆకాశానికి అద్దం ఉందని తెలిసింది. రెంటికీ ఏ సంబంధమూ లేదు. కాని ఆ ఊరివాణ్ణి కదా, పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఉంటాను. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు, ఆచార్య బి. రామచంద్రరావు, ఆయన శిష్యులు, ఆ పొర కదలికలనే ఏళ్ల తరబడి కొలిచారు. అంటే నేను దుప్పట్లో విన్న వణుకుని మా జిల్లాలోనే ఇంకెవరో పట్టికల్లోకి ఎక్కించారన్నమాట. వాళ్లకి అది లెక్క. నాకు అది రాగం.

నీ వణుకే మొదటి గురువు. ఒకే పాట రెండు దారుల్లో వచ్చి, ఒకటి కాస్త ఆలస్యమై, తనతో తానే గుద్దుకునేది. దాంతో గొంతు నీళ్లలో మునిగి తేలినట్టు, పాట లోపలి నుంచి ఓ సుడి తిరిగినట్టు ఉండేది. 1967లో లండన్‌లో స్మాల్ ఫేసెస్ అనే బృందం 'ఇచికూ పార్క్' పాటలో రెండు టేపుల్ని ఒకదాని వెనక ఒకటి జరిపి, ఆ సుడినే స్టూడియోలో పుట్టించింది. లోకం అబ్బురపడింది. మా ఇంటి చూరు కింద అది రోజూ ఉచితం. సిలోన్ నుంచి వచ్చిన ఘంటసాల కూడా మా మామ్మ ట్రాన్సిస్టర్లో కొన్ని రాత్రులు అలా సుడి తిరిగాడు. అపచారం అనుకోను. ఆయన నాకు మరింత దూరంగానూ, మరింత దగ్గరగానూ వినిపించింది ఆ రాత్రుల్లోనే.

నువ్వు నిజంగా వచ్చిన రాత్రి వాన వెలిసింది. కరెంటు లేదు, అందులో వింతేం లేదు. తాండవ నది వైపు ఎక్కడో ఇంకా మెరుస్తోంది. మెరిసినప్పుడల్లా స్పీకర్లో చిటుక్కుమంటోంది, ఆకాశం వేళ్లు విరుచుకున్నట్టు. ముల్లు వెంట్రుకవాసి కదిపాను. ముందు ఒక రొద. సామిల్లులో టేకు దుంగ రంపానికి అడ్డం పడినప్పటి రొద. దాని కింద డప్పులాంటిది, ఒకే దెబ్బ, మళ్లీ అదే దెబ్బ, ఇరుసు ఎండిన బండి ఘాటీ ఎక్కుతున్నట్టు. పైన ఒక మనిషి. పాడటం లేదు. అలాగని మాట్లాడటమూ లేదు. పక్కింటివాళ్లతో గట్టు తగువు పెట్టుకున్నట్టు గదమాయిస్తున్నాడు. నేను పల్లవి కోసం కాచుకు కూర్చున్నాను. సినిమా పాటలు తిని పెరిగిన చెవి నాది, పల్లవి వస్తుంది, చరణం వస్తుంది, మళ్లీ పల్లవి చేతిలో చెయ్యేసి ఇంటికి తీసుకెళ్తుంది అని దాని నమ్మకం. పల్లవి రాలేదు. బండి ఘాటీ ఎక్కుతూనే ఉంది. భయమేసింది. ట్రాన్సిస్టర్ కట్టేశాను. చీకట్లో నా గుండె అదే దెబ్బ వేస్తోంది. మళ్లీ పెట్టాను.

ఆ భయానికి దండం. చిన్నప్పుడు భయపెట్టని సంగీతాన్ని పెద్దయ్యాక మరిచిపోతాం.

పాట ఆగింది, ముగియలేదు. తర్వాత ఒక గొంతు వచ్చింది. తొందర లేని గొంతు, అరుగు మీద కూర్చుని పక్కవాడికి చెబుతున్నట్టు. పేరు చెప్పే లోపు కెరటం వెనక్కి పోయింది. ఆ ధోరణి బిబిసి వరల్డ్ సర్వీసులో జాన్ పీల్‌ది అని నేను తర్వాత నిర్ణయించుకున్నాను. సాక్ష్యం లేదు, మొక్కుబడి అంతే. లోకంలో ఎవరూ ముట్టని రికార్డులు తెచ్చి వేసినవాడు ఆయన. ఒక్కోసారి ప్లేటు తప్పు వేగంలో తిరిగేది. 1973లో ఫ్రిప్, ఈనో కలిసి చేసిన టేపు ఏకంగా వెనకనుంచి ముందుకు ప్రసారమైపోయింది. శ్రోతలు చాలామందికి తేడా తెలియలేదంటారు. మామ్మ అయితే కనిపెట్టేసేది. ఆమెకి ముందునుంచి విన్నా అది వెనకనుంచే వినిపించేది. పీల్ 2004 అక్టోబరు 25న పెరూ దేశంలోని కుజ్కోలో పోయాడు. అదీ కొండల మధ్య ఊరే.

ఇప్పుడు మైకుసెట్టుకు దండం పెట్టాలి. దాన్ని దాటి ఈ స్తోత్రం సాగదు. జులై 4 అల్లూరి జయంతి. సమాధి దగ్గర తోరణాలు, బడిపిల్లల వరసలు, చింతచెట్టు కొమ్మకి కట్టిన ఇత్తడి రంగు లౌడుస్పీకరు. 1974లో ఆయన మీద వచ్చిన కృష్ణ గారి సినిమా పాటలు ఊరంతా. శ్రీశ్రీకి జాతీయ బహుమతి తెచ్చిన పాట మొదలైతే ఒళ్లు జలదరించేది, అది మామూలే. నన్ను పట్టుకున్నది మరొకటి. ఆ గొట్టం లోపలి పొర ఎక్కడో చిట్లింది. గొంతు హెచ్చు స్థాయికి వెళ్లగానే అంచు చిరిగి, నిప్పురవ్వలు రాలినట్టు బరబరమనేది. పెద్దలు చెవులు మూసుకున్నారు. నేను స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగాను. ఇంతలో ఉపన్యాసం ఇచ్చే ఆయన మైకు పట్టుకుని గొట్టం ముందుకు వెళ్లాడు. మైకు కూత పెట్టింది. స్పీకర్లోంచి వచ్చింది మైకులో దూరి, మైకులోది మళ్లీ స్పీకర్లో దూరి, పాము తన తోక తానే మింగినట్టు సన్నగా, పొడుగ్గా, ఆగకుండా. జనం గొల్లుమన్నారు. నాకు మాత్రం వెనక కొండ కూడా ఆ కూతే కూసినట్టనిపించింది.

రాక్ సంగీతం పుట్టుమచ్చలు రెండూ ఇవే, చిరుగూ కూతా. 1951లో అమెరికాలో 'రాకెట్ 88' అనే రికార్డు చేసేటప్పుడు గిటారు ఆంప్లిఫయరు దెబ్బతిందట, లోపల కాగితాలు కుక్కి అలాగే వాయించారట, ఆ బరబరే పాటకి బలమైంది. 1964లో కింక్స్ బృందంలో డేవ్ డేవిస్ అనే కుర్రాడు స్పీకరు పొరని బ్లేడుతో కావాలనే కోశాడు. అదే ఏడాది బీటిల్స్ ఒక గిటారు కూతని తెచ్చి 'ఐ ఫీల్ ఫైన్' పాట నెత్తిన కిరీటంలా పెట్టారు. 1969లో జిమి హెండ్రిక్స్ ఉడ్‌స్టాక్‌లో సొంత దేశపు జాతీయగీతాన్నే ఆ కూతల్లో ముంచి తీశాడు. ఇవన్నీ చదివినప్పుడల్లా మా చింతచెట్టు కొమ్మ గుర్తొస్తుంది. అక్కడ చిరుగు దానంతట అదే వచ్చింది, కూత పొరపాటున వచ్చింది. ఎవడో ఒకడు దాన్ని ఆపకుండా ఉంటే సంగీతమయ్యేది. మా మైకుసెట్టు అబ్బాయి ఆపేశాడు. ఆపకపోతే కూలి ఇవ్వరు మరి.

ఒక దసరాకి చిన్నాన్న విశాఖ పోర్టు నుంచి వచ్చాడు. సంచిలో పిల్లలకి బిస్కెట్లు, మామ్మకి గొంగళి, నాకో క్యాసెట్టు. ఏదో ఓడ మీద వాళ్లిచ్చారట. పైన పెన్నుతో 'పి.ఎఫ్.' అని రెండక్షరాలు. చిన్నాన్న టూ ఇన్ వన్ కూడా తెచ్చాడు, అది తిరిగి తీసుకెళ్లిపోతాడు. నాలుగు రోజులు నాది. టేపు నలిగింది. పెన్సిల్ దూర్చి తిప్పి బిగించి వేశాను. ఒక పాట ముగుస్తూ ముగుస్తూ ఉన్నట్టుండి సన్నబడి, ఎవరో గొంతు నొక్కినట్టయింది. ఆ తర్వాత నువ్వు వచ్చావు.

సాక్షాత్తూ నువ్వే. గరగర. ముల్లు కదులుతోంది. ఎవరివో మాటలు, తెగిపోయాయి. పెద్ద మేళం ఒక్క క్షణం, పోయింది. మళ్లీ గరగర.

వంటింట్లోంచి మామ్మ: "నానా, ఆ రేడియో కట్టీరా! పండగ పూట ఏటా గోల!"

రేడియో కట్టేసే ఉంది. గూట్లో, తోలు తొడుగులో, సెల్లులు తీసి పక్కన పెట్టి ఉంది. నేను దాన్ని చూశాను, టేపుని చూశాను. ఇంగ్లండులో ఎవడో నాలాగే ముల్లు తిప్పాడు. ఆ తిప్పడాన్ని రికార్డు చేసి పాటలో పెట్టాడు. అది తప్పు కాదట, అదే పాటట. పదేళ్లవాడి గుండెకి ఆ మాట ఎవరు చెప్పాలి?

ఆ పాట 'విష్ యు వర్ హియర్', పింక్ ఫ్లాయిడ్ బృందానిది, 1975. గిల్మోర్ అనే ఆయన కారు రేడియో చప్పుడే అది. మధ్యలో తళుక్కుమన్న మేళం చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ. అప్పుడొక గిటారు మొదలవుతుంది, రేడియోలోంచి వచ్చినట్టే సన్నగా, ఇనుప రేకు మీద చినుకుల్లా. కాసేపటికి రెండో గిటారు. ఇది రేడియోలోది కాదు, గదిలోది. ఎవరో మంచం మీద కూర్చుని, దూరం నుంచి వస్తున్న పాటకు తన తీగతో బదులు చెబుతున్నాడు. ఊపిరి తీసిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ రెండో గిటారు ఎవరో నాకు వెంటనే తెలిసింది. దుప్పట్లో ఉన్నవాడు. నాకు గిటారు రాదు, ఇప్పటికీ రాదు. అయినా అది నేనే.

అదే క్యాసెట్టు రెండోవైపు 1973 నాటి 'మనీ' ఉంది. చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, కొట్లో డబ్బుల పెట్టె టింగుమనడం. ఈ ముక్కల్ని వరసగా అతికి, టేపుని గుండ్రంగా కలిపి తిప్పారు, చప్పుళ్లే తాళమయ్యాయి. దానికి కాలు కదపబోతే నా కాలు తప్పుతోంది. రామాలయంలో భజనకి డోలక్ వాయించే మేష్టార్ని పిలుచుకొచ్చాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, తొడ మీద వేళ్లు వేశారు. తకిట తకధిమి, తకిట తకధిమి. "ఏడు. మిశ్రచాపు" అన్నారు. మధ్యలో గిటారు విజృంభించగానే కళ్లు తెరిచి, "చతురశ్రంలోకి దిగిపోయాడే!" అని, అది మళ్లీ ఏడుకి వచ్చేదాకా లెక్క వదల్లేదు. వచ్చాక లేచి, చుట్ట వెలిగించి తీర్పు చెప్పారు:

"గోలే గానీ, లెక్కున్న గోలరా."

ఆ తర్వాత వింత రాక్ మీద విమర్శ పుస్తకాలు కొన్ని చదివాను. ఇంత సూటిగా ఎవరూ రాయలేదు.

నాలుగో రోజు టూ ఇన్ వన్ వైజాగ్ వెళ్లిపోయింది. క్యాసెట్టు నా దగ్గర ఉండిపోయింది, వేసే యంత్రం లేకుండా. రెండేళ్లపాటు దాన్ని అట్టపెట్టెలోంచి తీసి, పెన్సిల్‌తో అటూ ఇటూ తిప్పి, టేపు జారుతున్న చప్పుడు మాత్రం విని దాచేవాణ్ణి. చెబితే నవ్వుతారు గానీ, ఆ చప్పుడు కూడా బాగుండేది.

చాలా ఏళ్లకి, ఉద్యోగం పేరుతో పట్నం పట్టాక, హోల్గర్ చుకాయ్ సంగతి తెలిసింది. 1938లో డాన్జిగ్‌లో పుట్టినవాడు. కుర్రతనంలో రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేశాడు. ఆ వాక్యం చదివి పుస్తకం మూసేశాను కాసేపు. బ్రష్షుతో నిన్ను దులిపేసిన మా మెకానిక్కు గుర్తొచ్చాడు. అదే బల్ల, అదే సోల్డరు వాసన. ఒకడు నిన్ను దులిపాడు, ఒకడు నిన్ను దాచుకున్నాడు. చుకాయ్ 1960ల్లో స్టాక్‌హౌసెన్ దగ్గర సంగీతం చదివాడు. ఆ స్టాక్‌హౌసెన్ 1968లో షార్ట్ వేవు రేడియోల్నే వాయిద్యాలుగా చేసి ఒక కృతి రాశాడు, పేరు కూడా 'షార్ట్ వేవులు' అనే. అదే ఏడాది చుకాయ్ కొలోన్‌లో మిత్రులతో కలిసి 'క్యాన్' అనే బృందం పెట్టాడు. తర్వాత తర్వాత అతను బేసు గిటారు పక్కన పెట్టి, వేదిక మీద షార్ట్ వేవు రేడియో వాయించాడు. అవును, వాయించాడు. 1979లో ముల్లు తిప్పుతుంటే దొరికిన ఇరాన్ గాయకుల గొంతుల చుట్టూ 'పర్షియన్ లవ్' అనే పాట అల్లాడు. దుప్పట్లో నేను ఒట్టి చేతుల్తో చేసిన పని అదే. అతని దగ్గర కత్తెర, టేపు ఉన్నాయి, నా దగ్గర మామ్మ సెల్లులున్నాయి.

క్యాన్ డ్రమ్ములు వాయించిన యాకీ లీబెత్సైట్ మొదట జాజ్‌లో స్వేచ్ఛగా చెలరేగినవాడు. ఎవరో ఒక శ్రోత ఒకనాడు అతనితో, నువ్వు ఒకేలాగ వాయించాలి అన్నాడట. ఆ మాట పట్టుకుని జన్మంతా ఒకేలాగ వాయించాడు. 1971 నాటి 'టాగో మాగో'లో పద్దెనిమిది నిమిషాలు దాటిన పాట ఒకటుంది, ప్లేటు ఒకవైపంతా అదే. వినగానే గుర్తుపట్టాను, ఇరుసు ఎండిన బండి, ఘాటీ. పాడిన దామో సుజుకి జపానువాడు. 1970లో మ్యూనిక్ వీధిలో పాడుకుంటుంటే చుకాయ్ చూసి, ఆ రాత్రి కచేరీకే రమ్మన్నాడు. వచ్చి పాడేశాడు. ఇంగ్లీషు, జపనీసు, ఏ భాషా కాని కూతలు, అన్నీ కలిపి. ఇంగ్లీషు చదివినవాళ్లు అర్థం కాక ఇబ్బంది పడ్డారు. నాకు ఆ బాధ లేదు. కె.డి.పేట కుర్రాడికి ఎల్విస్ ప్రెస్లీ ఎంత అర్థమయ్యాడో దామో అంతే అర్థమయ్యాడు. అందరూ సమానం.

వాళ్ల 1972 రికార్డు అట్ట మీద బెండకాయల డబ్బా బొమ్మ ఉంటుంది. పేరు 'ఎగే బామ్యాసి', టర్కీ మాటలు, ఏజియన్ బెండకాయ అని అర్థం. ఈ సంగతి మామ్మకి చెప్పగలిగితే బాగుండేది. "మరి ముందే సెప్పవేట్రా, బెండకాయలోళ్లని" అనేది.

పొగడ్త కదా అని అన్నీ పొగడను. లూ రీడ్ 1975లో నాలుగు పక్కల నిండా ఒట్టి గిటారు కూతే నింపి రెండు ప్లేట్ల రికార్డు విడుదల చేశాడు. రెండో పక్క దాటి వెళ్లలేదు నేను. మా మైకుసెట్టు అబ్బాయికి అప్పజెప్పి, కూలి ఆపేయాల్సిన సరుకు. వింత అనిపించుకోవడమే పనిగా పెట్టుకున్న సంగీతం, ముక్కు పొడుగ్గా పెట్టుకున్న పగటివేషగాడిలాగ, మొదటి వీధిలో నవ్విస్తుంది, రెండో వీధిలో విసిగిస్తుంది.

అయినా ఈ చెవి నాకెలా వచ్చింది? రేడియో ఒక్కటే ఇచ్చిందనుకోను. ఎండలు ముదిరాక ఊళ్లోకి జముకుల కథ వచ్చేది. ముగ్గురు మనుషులు, రాత్రంతా ఎల్లమ్మ కథ. ఒకడి చంకలో జముకు. ఒకవైపు చర్మం బిగించిన చిన్న డొల్ల, చర్మం మధ్యలోంచి ఒక నరం. ఆ నరాన్ని లాగి పట్టుకుని మీటితే ధ్వని జారుతుంది. జుమ్మ్... అని కింద మొదలై, కడుపులోంచి పైకి పాకి, పిల్లి వెన్ను విరిచినట్టు వంగి, ప్రశ్నలా ఆగుతుంది. అది సరిగ్గా ఏ స్వరమో చెప్పలేం. రెండు స్వరాల మధ్య కాపురం దానిది, రెండు స్టేషన్ల మధ్య నీలాగే. పైన చింతపల్లి దారిలో థింసా ఆడేవారు. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు. తుడుము ఒక దెబ్బ పట్టుకుంటే పొద్దు పొడిచేదాకా వదలదు. వరస కట్టిన ఆడవాళ్లు అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులు. మొదట విసుగొస్తుంది. అరగంటకు విసుగు పోతుంది. గంటకు నువ్వు పోతావు, దెబ్బ మిగులుతుంది. లీబెత్సైట్‌కి ఆ శ్రోత చెప్పిన మాట, మా కొండ మీద ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. 'అవన్నీ మనకి ముందే ఉన్నాయి' అనే పెద్దమనిషి ఎప్పుడూ మన పక్కనే కూర్చుని ఉంటాడు. నేను ఆయన పక్షం కాదు. జముకు జముకే, బేసు గిటారు బేసు గిటారే. ఒకటి ఇంకొకదానికి తాత కాదు, మేనమామ కాదు. 1966లో బీటిల్స్ 'టుమారో నెవర్ నోస్' పాటకి తంబురా శ్రుతి కింద పరిచి, టేపు చుట్టలు అటూ ఇటూ తిప్పి, మనిషి నవ్వుని వేగం పెంచి సముద్రపక్షుల కూతలా చేశారు. తంబురా మనదని పొంగిపోతే నవ్వులో పక్షి వినపడదు. దూరపువాళ్లు దూరంగా ఉండడమే బాగుంటుంది. అంత దూరాన ఎవడో మన నిద్రపట్టని రాత్రిలాంటి చప్పుడే చేశాడని తెలియడం, అదీ మహిమ.

మన దగ్గరా దారి తప్పినవారున్నారు. 1986లో ఇళయరాజా త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చి సినిమా లేని రికార్డు ఒకటి చేశారు. పేరు 'హౌ టు నేమ్ ఇట్'. దీనికేం పేరు పెట్టను అని ఆయన సందేహం. నేను ఆ క్యాసెట్టు నర్సీపట్నంలో రికార్డింగు సెంటర్లో కొనుక్కుని, అరువు టేప్ రికార్డర్లో మామ్మకి వినిపించాను. వయొలిన్ తగ్గి లేచి, దారి మార్చి, మళ్లీ ఇంటికి వస్తుంటే శ్రద్ధగా విని, "బాగుందిరా. దీన్నేటంటారు?" అంది. అట్ట మీద అదే రాసుందని చెప్పాను. నమ్మలేదు.

మామ్మ పోయి చాలా కాలమైంది. బిబిసి హిందీ షార్ట్ వేవు ప్రసారాలు 2020 జనవరి 31న ఆగాయి. ఒక్కో గొంతే దిగిపోతోంది. పట్నంలో మా ఫ్లాటులో ట్రాన్సిస్టర్ పెడితే వినిపించేది నువ్వు కాదు, ఛార్జర్ల రొద, లైట్ల రొద, పక్కవాళ్ల లిఫ్టు. క్యాన్ పాటలన్నీ ఫోనులో ఉన్నాయి, వేలు పెడితే చాలు. వేలు పెట్టగానే వచ్చేదానికి భయపడటం కుదరడం లేదు.

మొన్న సంక్రాంతికి కె.డి.పేట వెళ్లాను. గూట్లోంచి ఫిలిప్స్ తీశాను. తోలు తొడుగు పెచ్చులూడింది, ముల్లు మాత్రం కదులుతోంది. నర్సీపట్నంలో కొన్న సెల్లులు సరుకు మంచిది కాదు, అయినా వేశాను. చలి బాగా ఉంది, లంబసింగి గాలి కిందికి దిగుతోంది. 31 మీటర్ల బ్యాండు దగ్గర చైనావాళ్లు పెద్ద గొంతుతో ఉన్నారు. వాళ్లని దాటి కొంచెం జరిపాను. ఎవరూ లేరు. నువ్వున్నావు.

దుప్పటి కప్పుకున్నాను. అరగంట విన్నాను. సెల్లులు నీరసించాయి. మర్నాడు పొద్దున పెరట్లో, వదిన పెట్టిన గుమ్మడి వడియాల పక్కన ఎండేశాను.